అర్జీపై వేలిముద్ర

నర్సీపట్నము బస్సు స్టాండులో ఒక సాయంకాలము రెండు గంటలసేపు బస్సుకొరకు వేచియుండవలసి వచ్చినది. రేడియో ఉద్యోగికి నిరీక్షణ క్రొత్త కాదు. కాలక్షేపమునకు పది రూపాయల వేయించిన వేరుసెనగకాయలు కొంటిని. కాయలు ముగిసిన పిదప పొట్లము విప్పి చదువుట నాకు చిన్ననాటి అలవాటు; వెనుక పత్రిక కొనలేని ఇండ్లలో పొట్లము కాగితమే పత్రిక. ఈ పొట్లములో మాత్రము వార్త లేదు. ఒక స్త్రీ ఫోటో ఉన్నది. ప్రక్కనే ఆమె పేరు, ఆమె భర్త పేరు, ఆయన మరణించిన తేది, ఇంటి నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, పండ్రెండు అంకెల ఆధార్ సంఖ్య, అన్నిటికి అడుగున ఒక వేలిముద్ర. అది వితంతు పింఛను అర్జీకి నకలు.

ఆ కాగితము ఏ బల్లమీదనుండి, ఏ జిరాక్సు దుకాణము మూలనుండి చిత్తుకాగితములలో కలిసినదో నేనెరుగను. ఎవరినో నిందించుటకు ఈ మాట చెప్పుట లేదు. కాని ఆమె ఆ వేలిముద్ర వేసిన నాడు, ఈ కాగితము ఎందాక పోవును, ఎవరెవరు చూతురు అని ఆమెకు ఒక్కరైనను చెప్పియుందురా అను ప్రశ్న మాత్రము నన్ను విడువలేదు. నేటి ప్రసంగము దానిని గురించియే.

నర్సీపట్నము మైదానమునకు మన్యమునకు నడుమనున్న గుమ్మము వంటిది. 2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లాలు విభజింపబడినప్పుడు ఈ ఊరు అనకాపల్లి జిల్లాలో చేరినది. ఘాట్ రోడ్డు ఎక్కి లంబసింగి, చింతపల్లి చేరినచో అది అల్లూరి సీతారామరాజు జిల్లా. కొండవారును, పల్లపువారును సంతకు, ఆసుపత్రికి, కాగితముల పనికి ఈ ఊరికి వత్తురు. ఆ రోజు ఉదయము కృష్ణదేవిపేట మార్గమున ఒక గ్రామములో, క్రొత్తగా అర్జీ పెట్టుకొన్న ఒక వృద్ధురాలితో మాటలాడితిని.

“మామ్మా, అర్జీలో ఏమి వ్రాసినారో చదివి వినిపించినారా?” అని అడిగితిని.

“నాకేటి తెలుస్తాది బాబూ. ఏలుముద్ర ఎయ్యమన్నారు, ఏసీసినాను. నా కతేటుంది, ఊరందరికీ తెలిసిందే కదా!” అని ఆమె నవ్వినది.

ఆ మాటలో సత్యమున్నది. పల్లెలో రహస్యము తక్కువ. ఎవరి పొయ్యి మండలేదో, ఎవరి కొడుకు డబ్బు పంపుట మానినాడో ప్రక్క వీథికిని తెలియును. అయితే ఒక భేదము కలదు. ఊరివారికి మన సంగతి తెలిసినచో, ఎవరికి తెలిసినదో మనకును తెలియును. వారి సంగతియు మనకు తెలియును. కాగితమునకెక్కిన సంగతి అట్లు కాదు. అది మనమెరుగని చేతులలో, మనమెన్నడు చూడని ఊళ్ళలో, మనము పోయిన తరువాత గూడ నిలిచియుండును.

చేవ్రాలనగా నేమి? అర్జీమీద మనము పెట్టు సంతకము ఒకేసారి మూడు మాటలు చెప్పును. ఇందు వ్రాసినది సత్యమని ఒకటి. దీనిని మీరు విచారించి చూచుకొనుటకు నాకు సమ్మతమే అని రెండవది. షరతులు నాకు తెలిసినవి అని మూడవది. మొదటి మాట అందరును ఎరుగుదురు. మిగిలిన రెండును చిన్న అక్షరములలో ఉండును గనుక చదువుకొన్నవారే చదువరు. వ్రాయనేర్వనివారి నిశానియు సంతకముతో సమానమే. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టము అట్లే చెప్పుచున్నది. కావున వేలిముద్ర వేసినామె సంతకము చేసిన పట్టభద్రునికంటె తక్కువ బాధ్యత వహించుట లేదు, తక్కువ హక్కులును కలిగియుండలేదు.

ఇక్కడ ఒక చరిత్ర విశేషము మనవి చేసెదను. వేలిముద్రకును పింఛనుకును గల స్నేహము నిన్న మొన్నటిది కాదు. విలియం హెర్షెల్ అను ఇంగ్లీషు అధికారి 1858లో వంగదేశమున జంగీపురమందు రాజ్యధర్ కోనాయి అను కంట్రాక్టరుచేత ఒప్పందపు కాగితముపై చేతిముద్ర వేయించెను. తరువాత 1877లో హుగ్లీలో మేజిస్ట్రేటుగా నుండి, పింఛనుదారులచేత వేలిముద్రలు తీసికొను పద్ధతి ప్రవేశపెట్టెను. చనిపోయినవారి పేరిట ఇతరులు వచ్చి సొమ్ము తీసికొని పోవుచుండుటయే కారణము. అనగా వేలిముద్ర పుట్టినది పుచ్చుకొనువానిపై అనుమానముతో. ఇచ్చువానికి ఆనవాలు కావలెను, అది న్యాయమే. కాని ఆ అనుమానమునకు హద్దు ఎక్కడ అని పుచ్చుకొనువాని పక్షమున అడుగుటకు చాలకాలము ఎవరును లేకపోయిరి.

సహాయము దానము కాదని మొదట గ్రహింపవలెను. వృద్ధాప్యమునందును, వ్యాధియందును, అశక్తతయందును ప్రజలకు ప్రభుత్వ సహాయము లభింపవలెనని రాజ్యాంగము 41వ అధికరణము ఆదేశించుచున్నది. దానిని అనుసరించి 1995 ఆగస్టు 15న జాతీయ సామాజిక సహాయ కార్యక్రమము ఆరంభమైనది. అందు కేంద్రము వంతు స్వల్పము. అరువది మొదలు డెబ్బదితొమ్మిది ఏండ్ల వరకు నెలకు 200 రూపాయలు, ఎనుబది నిండినవారికి 500 రూపాయలు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము తన వంతు కలిపి ఇచ్చుచున్న మొత్తము 2014లో 1000, 2019 జనవరిలో 2000, 2024 జనవరిలో 3000 అయి, 2024 జూలై 1 నుండి వృద్ధులకు, వితంతువులకు 4000 రూపాయలైనది. వికలాంగులకు 6000, డయాలసిస్ చేయించుకొను మూత్రపిండ రోగులకు 10,000, మంచమునకే పరిమితమైనవారికి 15,000. నర్సీపట్నము చుట్టుప్రక్కల పల్లెలలో 4000 రూపాయలనగా ఒంటరి ముసలమ్మకు నెల బియ్యము, మందులు, మనుమని చేతిలో పెట్టు పండుగ రూపాయి. ఆ సొమ్ము ఆవలి ఒడ్డున ఉన్నప్పుడు ఏ కాగితముపై ముద్ర వేయుమన్నను మనిషి వేయును. ఆకలి ఎదుట సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చినదని వాదించుటకు నాకు నోరు రాదు. అందుచేతనే, అర్జీదారుని సమ్మతిని చూపి బాధ్యత తప్పించుకొనుటకు వీలులేకుండ, అడుగువారి చేతులకే చట్టము హద్దు గీయవలసియున్నది.

అర్జీతో ఏమేమి తెరచుకొనునో చూడుడు. 2019 డిసెంబరులో రాష్ట్రము ప్రకటించిన అర్హతా నియమముల ప్రకారము కుటుంబ ఆదాయము నెలకు గ్రామములలో 10,000, పట్టణములలో 12,000 రూపాయలు మించరాదు. మాగాణి మూడెకరములకు, మెట్ట పదియెకరములకు లోబడి ఉండవలెను. ట్రాక్టరు, ఆటో, టాక్సీ కాక నాలుగు చక్రముల వాహనము ఉండరాదు. నెలకు విద్యుత్తు 300 యూనిట్లకు లోపుగా వాడవలెను. ఇంటిలో ఎవరును ఆదాయపు పన్ను కట్టువారుగాని, ప్రభుత్వోద్యోగిగాని ఉండరాదు. ఇందు ఒక్కొక్క షరతునకు ఒక్కొక్క శాఖ పుస్తకము తెరువబడును. విద్యుత్తు మీటరు, భూమి ఖాతా, రవాణాశాఖ దస్త్రము, పన్నుల దస్త్రము అన్నియు ఒక్క ఆధార్ సంఖ్య అను సూదితో కుట్టబడును. అర్జీదారుది ఒక్కరిదే కాదు, ఇంటిల్లపాదిదియు. కొడుకు సంతకము చేయకుండగనే కొడుకు సంగతి చూడబడును. అనర్హులను ఏరివేయుటకు ఇది అవసరమని ప్రభుత్వము చెప్పును, కొంతవరకు నిజమే. కాని మీటరు నంబరు వేరొకరి పేర కలిసి పింఛను ఆగినప్పుడు, తప్పు ఏ పుస్తకమున ఉన్నదో ఆ ముసలమ్మకు చెప్పువారెవరు? తన్ను గురించి ఏమి వ్రాసియున్నదో తెలిసికొని దిద్దించుకొను హక్కు గోప్యతలో సగభాగమని నా అభిప్రాయము.

గోప్యత ప్రాథమిక హక్కా కాదా అని మన దేశమున చాలకాలము సందేహముండెను. 1954లో ఎనిమిదిమంది, 1962లో ఆరుగురు న్యాయమూర్తుల తీర్పులు రాజ్యాంగమున అట్టి హక్కు లేదను భావము కలిగించినవి. కర్ణాటక ఉన్నత న్యాయస్థానమున న్యాయమూర్తిగా పనిచేసి విశ్రమించిన కె. ఎస్. పుట్టస్వామిగారు 2012లో, ఎనుబది యేండ్లు దాటిన వయస్సులో, ఆధార్ విషయమై సుప్రీంకోర్టుకెక్కిరి. ఆ వ్యాజ్యములోనే 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవముగా గోప్యత ప్రాథమిక హక్కేయని తీర్మానించిరి. మరుసటి యేడు సెప్టెంబరు 26న వచ్చిన రెండవ తీర్పు ప్రభుత్వ సహాయములకు ఆధార్ కోరుటను నిలిపినది. ప్రైవేటు సంస్థలు దానిని కోరుటకు ఆధారమైన నిబంధనను మాత్రము కొట్టివేసినది.

అంతకు మునుపే మన హైదరాబాదునుండి పుట్టిన ఒక వ్యాజ్యము ఈ విషయమున నాకు మిక్కిలి ఇష్టమైనది. 1986లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము స్టాంపుల చట్టము 73వ సెక్షనును సవరించి, కలెక్టరు అధికారమిచ్చిన ఏ మనిషియైనను బ్యాంకులలోనికి పోయి ఖాతాదారులు దాచిన దస్తావేజులు పరీక్షింపవచ్చుననియు, స్టాంపు తక్కువైనచో పట్టుకొనవచ్చుననియు చేసినది. కెనరా బ్యాంకు మున్నగునవి ఎదిరించినవి. హైకోర్టు సవరణను కొట్టివేయగా, హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారు, కలెక్టరుల పక్షమున అప్పీలు జరిగినది. 2004లో సుప్రీంకోర్టు హైకోర్టు నిర్ణయమునే నిలిపినది. అందలి సారాంశమిది: గోప్యత మనుష్యునికి సంబంధించినదేగాని స్థలమునకు కాదు. నమ్మి మరియొకరికి అప్పగించినంత మాత్రమున కాగితముపై మన హక్కు పోదు. అమెరికా న్యాయస్థానము 1976లో ఇందుకు భిన్నముగా తీర్పు చెప్పియుండగా, మనవారు దానిని అనుసరింపలేదు. బ్యాంకులో స్థిరాస్తి దస్తావేజు దాచుకొన్న ధనికునికి వర్తించిన సూత్రము, పింఛను అర్జీతో తన బ్రదుకంతయు అప్పగించిన నిరుపేదకు ఏల వర్తింపరాదు?

అమెరికా మాట వచ్చినది గనుక మరియొకటి. అక్కడ ఒకప్పుడు సహాయము పొందు స్త్రీల ఇండ్లకు తెల్లవారకమునుపే అధికారులు పోయి, ఇంట మగవాడెవడైన ఉన్నాడేమోయని మంచముల క్రింద వెదకెడివారు. కాలిఫోర్నియాలో అలమీడా కౌంటీ ఉద్యోగి బెన్నీ పారిష్ అను అంధుడు ఇట్టి సోదాలో పాల్గొననని చెప్పి ఉద్యోగము పోగొట్టుకొనెను. 1967లో ఆ రాష్ట్రపు సుప్రీంకోర్టు ఆయన పక్షమున తీర్పిచ్చినది. సహాయము పోవునను భయముతో తలుపు తెరచుట నిజమైన సమ్మతి కాజాలదని అందలి తర్కము. చూపులేనివాడు ఇతరుల ఇంటిలోనికి చూడనన్నాడు!

మన తలుపులు తెల్లవారుజామున తట్టబడుట లేదు. కంప్యూటరు మూలమున తెరచుకొనుచున్నవి. 2017 మే 1న బెంగుళూరు సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక ప్రకటించినది. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు ఎవరైనను చూచునట్లు పడియున్నవని అందు చూపిరి. ఆ నాలుగింటిలో ఒకటి జాతీయ సామాజిక సహాయ కార్యక్రమము. రెండు ఆంధ్రప్రదేశ్ వెబ్‌సైట్లే, ఒకటి చంద్రన్న బీమాది, ఒకటి ఉపాధి హామీ చెల్లింపులది. బయటపడిన ఆధార్ సంఖ్యలు 13 కోట్లనుండి 13.5 కోట్ల వరకు ఉండునని వారి అంచనా. మరుసటి యేడు ఏప్రిల్‌లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో 1.34 లక్షలమంది వివరములు, కులము మతములతోసహా, కనబడినవి. దొంగతనము జరుగలేదు, తాళము వేయలేదు, అంతే. నా వేరుసెనగకాయల పొట్లము దీనిముందు ఎంత!

ఇట్లు ప్రకటించుట తప్పని అప్పటికే చట్టములో ఉన్నది. 2016 నాటి ఆధార్ చట్టము 29వ సెక్షను ఆధార్ సంఖ్యను, వివరములను బహిరంగముగా ప్రదర్శింపరాదనుచున్నది. 8వ సెక్షను, ఆధార్ పోల్చిచూచుటకు ముందు ఆ వ్యక్తి సమ్మతి తీసికొనవలెననియు, ఏ వివరము తీసికొనుచున్నారో, దేనికి వాడుదురో, వేరు మార్గమేదైన ఉన్నదో తెలుపవలెననియు నిర్దేశించుచున్నది. గ్రామ సచివాలయమున బొటనవ్రేలు యంత్రముపై ఉంచు ప్రతిసారి ఈ మాటలు చెప్పవలసియున్నది. ఎన్నిసార్లు చెప్పుచున్నారో ఈ ప్రసంగము చదువు గృహస్థులే గమనింపగలరు.

అయితే అంతయు దాచవలెనని నేను చెప్పను. మన రాష్ట్రము 2006 నుండి ఉపాధి హామీ పనులలో సామాజిక తనిఖీకి దారిచూపినది. ఎవరికి ఎంత ముట్టినదో గ్రామసభలో బిగ్గరగా చదివినందుననే దొంగ పేర్లు బయటపడినవి. పేరును మొత్తమును చదువుట ప్రజాధనమునకు లెక్క చెప్పుట. ఆధార్ సంఖ్య, ఖాతా నంబరు, వైద్యుని పత్రము చదువుటచే ఏ దొంగయు పట్టుబడడు. గోప్యత పేరుతో జాబితానే దాచు అధికారియు, పారదర్శకత పేరుతో ఖాతా నంబరు గోడకంటించు అధికారియు నా దృష్టిలో ఒక్కరే.

రోగమును బట్టి ఇచ్చు పింఛన్ల విషయమున ఇంకను జాగ్రత్త కావలెను. ఎ.ఆర్.టి. మందులు వాడువారికిని ఈ రాష్ట్రమున పింఛను కలదు. అట్టివారి స్థితిని వారి వ్రాతపూర్వక సమ్మతి లేక వెల్లడింపరాదని 2017లో హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టము శాసించినది. జాబితాలో పేరుకెదురుగా పింఛను రకము వ్రాసి గోడకు వ్రేలాడదీసినచో, ఒక్క మాట పలుకకయే ఆ చట్టము భగ్నమైనట్లు. భయపడి అర్జీయే పెట్టని రోగి ఏ లెక్కలోనికిని రాడు.

2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టము వచ్చినది. నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. ముఖ్యమైన విధులు పదునెనిమిది నెలల పిదప, అనగా 2027 మే నెలలో, అమలునకు వచ్చునట్లు ఏర్పాటు. సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టముగా, తెలిసి ఇచ్చినదై ఉండవలెననియు, ఆ నోటీసును ఇంగ్లీషులోగాని ఎనిమిదవ షెడ్యూలు భాషలలో కోరిన భాషలోగాని చూచుకొను వీలుండవలెననియు చట్టము చెప్పుచున్నది. తెలుగు ఆ షెడ్యూలులో ఉన్నది. చింతపల్లి కొండలలో వినవచ్చు కువి భాష లేదు. ఇంకొక మెలిక గమనింపదగినది. సహాయములు ఇచ్చుటకై ప్రభుత్వము తనవద్ద ఇంతకుముందే ఉన్న వివరములను క్రొత్త సమ్మతి లేకయే వాడుకొనవచ్చును. దానికి బదులుగా, అవసరమైనంతయే తీసికొనవలెను, చెప్పిన పనికే వాడవలెను, పని తీరిన పిదప ఉంచరాదు, భద్రము చేయవలెను అను ప్రమాణములు నియమములలో చేర్చిరి. కావున రానున్న కాలమున అర్జీదారుని రక్షించునది అతని సంతకము కాదు, ఈ ప్రమాణములే.

ఇంతలో మనము చేయగలదేమి? రేడియో పెట్టుకొని ప్రసంగములు విను ఇండ్లలో సాధారణముగ ఒకరైనను అర్జీలు వ్రాయగలవారుందురు. పనిమనిషి, పాలేరు, ప్రక్కింటి ముసలమ్మ కాగితము పట్టుకొని వచ్చునది మీ అరుగుమీదికే. వ్రాసిన పిదప మొదటినుండి చివరివరకు పైకి చదివి వినిపింపుడు. చిన్న అక్షరములను గూడ మామూలు మాటలలో చెప్పుడు. ఖాళీ కాగితముమీదగాని, గడులు పూరింపని అర్జీమీదగాని ముద్ర వేయనీయకుడు. “తరువాత మేమే నింపుకొందుము” అనునది మర్యాదగా చెప్పిన మాటయైనను ఒప్పుకొనకుడు. ఆధార్ నకలు మీద అడ్డముగా “వృద్ధాప్య పింఛను అర్జీ నిమిత్తము మాత్రమే” అని వ్రాసి తేది వేయుడు. చివరి నాలుగంకెలు మాత్రమే కనబడు మరుగు ఆధార్ ప్రతిని గూడ ఆధార్ సంస్థ ఇచ్చుచున్నది. అది సరిపోవుచోట దానినే ఇండు. అర్జీ అందినట్లు నంబరుగల రసీదు అడిగి తీసికొనుడు. రసీదు లేని అర్జీకి జాడ లేదు. మీరు వ్రాసి పాడైన చిత్తుప్రతి ఉన్నదే, దానిని చింపి పొయ్యిలో వేయుడు. ఆధార్‌తో తన్ను ఎప్పుడెప్పుడు పోల్చిచూచిరో చూచుకొనుటకును, వేలిముద్రకు తాళము వేసికొనుటకును వీలున్నది. 1947 నంబరునకు ఫోను చేసి అడుగవచ్చును. అయితే ప్రతి నెల యంత్రముపై వ్రేలు పెట్టి పింఛను తీసికొనువారు ఆ తాళము వేసినచో, మొదటి తేదీన తీసికొనుట మరువరాదు.

ఇక వేళ్ళ రేఖలు అరిగిపోయినవారి గోడు వేరు. జీడిపిక్కలు ఒలిచిన చేతులు, రాళ్ళు మోసిన చేతులు యంత్రమునకు పోలిక చెప్పవు. కనుపాపతోగాని, ముఖముతోగాని పోల్చుమని అడుగుడు. పోలిక కుదరలేదని అర్హుని త్రిప్పిపంపరాదను ప్రభుత్వపు హామీని 2018 తీర్పు నమోదు చేసినది.

పొట్లము సంగతి చెప్పి ముగించెదను. బస్సు వచ్చుటకు ఇంకను అరగంట ఉండగా ఆ బండి వద్దకు మరల పోయి, పొట్లములకు పెట్టుకొన్న కాగితముల కట్ట చూపుమంటిని. అందు ఇంకను పదునొకండు నకళ్ళు ఉన్నవి, మూడింటిపై వేలిముద్రలు. కట్ట మొత్తము నాకిమ్మని యాబది రూపాయలు చేతిలో పెట్టితిని. అతడు నోటు చూచెను, నా ముఖము చూచెను.

“తీసుకెల్లండి బాబూ. మరి రేపటికి పొట్లాలకి నాకేటి?”

సంచిలో ఆనాటి రెండు దినపత్రికలు ఉన్నవి. అవి ఇచ్చి బస్సెక్కితిని.